చెయ్యి పెడితే బుస కొడుతోంది

పెంపుడు పక్షులపై పాఠకుల ప్రశ్నలకు ఒక రిటైర్డ్ పశువైద్యుడి జవాబులు

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. రెండు నెలల కిందట పెళ్లిరోజుకని మావారు కాకటీల్ అనే చిలుక జాతి పిట్టని తెచ్చారు. బూడిద రంగు ఒళ్లు, బుగ్గల మీద నారింజ చుక్కలు. మా పాప దానికి చిట్టి అని పేరు పెట్టింది. రోజూ బయటికి తీసి అరగంట చేతిలో పట్టుకుంటే వారంలో మచ్చికవుతుందని అమ్మినతను చెప్పాడు. పది రోజులు అలాగే చేశాం. మొదట్లో గింజుకునేది, తర్వాత కదలకుండా ఉండేది. అలవాటైందనుకున్నాం. ఇప్పుడేమో మేత గిన్నె మార్చడానికి చెయ్యి పెట్టినా పాములా బుస కొట్టి, పంజరమంతా కొట్టుకుంటోంది. రెండుసార్లు అర్ధరాత్రి కూడా అలాగే కొట్టుకుంది, ఒకసారి రెక్క దగ్గర రక్తం వచ్చింది. మా అత్తయ్య ‘ఇంకాస్త గట్టిగా పట్టుకోండి, అదే దారికొస్తుంది’ అంటున్నారు. చిట్టికి మేమంటే ఇష్టం లేదని పాప ఏడుస్తోంది. పంజరం హాల్లో టీవీ పక్కన, వాకిలికి ఎదురుగా పెట్టాం. ఏం చెయ్యమంటారు?
— ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అమ్మా, ఆ పట్టుకోవడం ఇవాళ్టితో ఆపెయ్యండి. మిగతాదంతా తర్వాత మాట్లాడుకుందాం.

చిట్టి మీ చేతిలో కదలకుండా ఉన్నది అలవాటై కాదు. గింజుకుని లాభం లేదని తెలిసి ఊరుకుంది. పిల్లి నోట్లో పడ్డ పిచ్చుక కూడా అలాగే బిగుసుకుపోతుంది. ఇంకో సంగతి, ఇది చాలామందికి తెలియదు. ఊపిరి పీల్చడానికి ఛాతీ కింద మనకుండే డయాఫ్రం అనే కండరపు పొర పక్షికి ఉండదు. రొమ్ము ఎముక ముందుకీ వెనక్కీ కదిలితేనే దానికి గాలి ఆడుతుంది. ఛాతీ చుట్టూ పిడికిలి బిగిస్తే ముక్కు మూయకపోయినా ఊపిరి ఆడదు. తొంభై గ్రాముల ప్రాణి అది. మీ అత్తయ్యగారికి ఈ ఒక్క ముక్క చదివి వినిపించండి, ఆవిడే వద్దంటారు.

ఇదంతా నేను పుస్తకంలో చూసి చెప్తున్నది కాదు, చేసి చెడగొట్టుకుని చెప్తున్నది. ముప్పై నాలుగేళ్లు పశువుల ఆసుపత్రుల్లో పనిచేశాను. గేదెను ట్రెవిస్ అనే కమ్మీల చట్రంలోకి తోలి, అటూ ఇటూ తాళ్లు బిగించి, పని కానిచ్చి పంపేవాణ్ని. దానికి నేనంటే ఇష్టమా కాదా అని ఎప్పుడూ ఆలోచించలేదు, దాని యజమాని కూడా అడగలేదు. రిటైరయ్యాక మా అమ్మాయి ఉద్యోగానికి బెంగళూరు వెళ్తూ తన కాకటీల్‌ని మా దగ్గర వదిలింది. పేరు పండు. గోళ్లు పెరిగాయని ఒకరోజు తుండుగుడ్డ వేసి పట్టుకుని, రెండు నిమిషాల్లో కత్తిరించేశాను. నా పనితనాన్ని నేనే మెచ్చుకున్నాను కూడా. ఆ తర్వాత ఐదు నెలలు పండు నా దగ్గరికి రాలేదు. మా ఆవిడ భుజమెక్కి ఊసులు చెప్పేది, నేను గదిలో అడుగు పెడితే కర్టెన్ రాడ్ మీదికి పోయేది. మా ఆవిడ ఒకటే మాట అంది: ‘మీరు దాన్ని కూడా గేదె అనుకున్నారు.’

కాకటీళ్ల పుట్టిల్లు ఆస్ట్రేలియా. అక్కడి ఎండు మైదానాల్లో గుంపుగా నేల మీదికి దిగి గడ్డిగింజలు ఏరుకుని తింటాయి. పైన గద్ద నీడ కదిలిందంటే గుంపంతా ఒక్కసారిగా లేస్తుంది. ముందు ఎగిరి, ఆ తర్వాత ఆలోచించిన పిట్టే బతికి బట్ట కట్టింది. మన చెయ్యేమో పైనుంచి దిగుతుంది, ఐదు వేళ్లూ చాచుకుని. పైగా చిట్టికి ఇంతవరకూ తెలిసిన చేతులేవి? గూట్లోంచి లాగిన చెయ్యి, డబ్బాలో కుక్కిన చెయ్యి, రోజూ అరగంట బిగించి పట్టుకున్న చెయ్యి. పాపకి చెప్పండి, చిట్టికి మీరంటే ఇష్టం లేక కాదు. దానికి మీరింకా తెలియదు, చెయ్యి ఒక్కటే తెలుసు.

కాబట్టి కొన్నాళ్లు దానికి చెయ్యి కాకుండా మనిషి కనపడాలి.

మొదట పంజరం చోటు మార్చండి. వాకిలికి ఎదురుగా అంటే వచ్చే పోయే ప్రతివాడూ దాని మీదికొస్తున్నట్టే. హాల్లోనే ఒక మూలకి, రెండు వైపులా గోడ ఉండేలా జరపండి. కింద పెట్టకూడదు, మరీ అటక మీదా వద్దు, మీ గుండె ఎత్తున ఉంటే చాలు. వెనక ఎవరూ రారని తెలిస్తే సగం భయం తగ్గుతుంది. చోటు చాలలేదని వంటింట్లో మాత్రం పెట్టకండి. నాన్‌స్టిక్ పెనం ఖాళీగా మాడితే వచ్చే పొగ మనకి దగ్గు తెప్పిస్తే పక్షికి నిమిషాల్లో ప్రాణం తీస్తుంది. దోమల కాయిల్, సాంబ్రాణి కూడా దాని గదిలో వద్దు. దేవుడి గది వేరే ఉంటే తలుపు వేసుకుని ధూపం వేసుకోండి, దానికి నేను అడ్డు చెప్పను.

అర్ధరాత్రి కొట్టుకోవడం చూసి భయపడకండి. కాకటీళ్లలో ఇది మామూలే. చీకట్లో బల్లి పాకినా, వీధిలో బండి లైటు గోడ మీద పడినా, ఇన్వర్టర్ టక్కుమన్నా ఉలిక్కిపడి లేస్తాయి. లేచాక కన్ను కనపడక కమ్మీలకి కొట్టుకుంటాయి. పంజరానికి కాస్త దూరంలో చిన్న జీరో బల్బు వెలిగించి ఉంచండి. కొట్టుకుంటున్నప్పుడు పంజరంలో చెయ్యి పెట్టొద్దు. లైటు వేసి, దూరంగా నిలబడి, మెల్లగా పేరు పెట్టి పిలవండి. రక్తం వచ్చిందన్నారు కదా, కొత్తగా మొలిచే ఈకలో రక్తం ఉంటుంది, అది విరిగి ఉంటుంది. ఈసారి అలా అయితే శుభ్రమైన గుడ్డతో అదిమి, మొక్కజొన్న పిండి అద్దండి. పది నిమిషాల్లో ఆగకపోతే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. అలాంటప్పుడు పట్టుకోక తప్పదు, అది వేరే సంగతి. ఇంకొకటి, దానికి రాత్రి పది పన్నెండు గంటల నిద్ర కావాలి. మీ ఇంట్లో సీరియళ్లు ఎన్నింటిదాకా నడుస్తాయో నాకు తెలియదు. మా ఇంట్లో పదిన్నర దాకా నడిచేవి. పండు కోసం టీవీని పడగ్గదిలోకి మార్చాం. ఆ ఇంటి పోరు గురించి ఇక్కడ రాయను.

ఇప్పుడు అసలు పని. ఒక కుర్చీ తెచ్చుకుని పంజరానికి ఆరేడు అడుగుల దూరంలో, పక్కకి తిరిగి కూర్చోండి. ఎదురుగా కూర్చుని కళ్లలోకి చూడొద్దు, రెండు కళ్లూ ముందుకి పెట్టి చూసేది వేటాడే జంతువే. చిక్కుడుకాయలకి ఈనెలు తీసుకోండి, బియ్యం ఏరుకోండి, ఫోన్లో అక్కయ్యతో మాట్లాడుకోండి. ఏదైనా తింటూ కూర్చుంటే మరీ మంచిది. గుంపులో పక్షులు కలిసి తింటాయి. పక్కవాడు తీరిగ్గా తింటున్నాడంటే గద్ద లేదని అర్థం. మీరు పల్లీలు నములుతుంటే అది గిన్నె దగ్గరికి దిగి గింజ కొరికిందా, ఆ రోజు గెలిచినట్టే. మీ అత్తయ్యగారు పొద్దున్నే విష్ణు సహస్రనామం చదువుకుంటారా? రోజూ అదే గొంతు, అదే వేళ, అదే రాగం. అంతకంటే మంచి మందు లేదు, అక్కడే కూర్చుని చదవమనండి.

కూర్చున్నంత సేపూ దాని తల మీద కుచ్చు చూడండి. కాకటీల్ మనసంతా ఆ కుచ్చులో ఉంటుంది. నిట్టనిలువుగా లేచి, ఒళ్లు సన్నగా బిగిస్తే ఉలిక్కిపడిందని. నెత్తికి అతుక్కుపోయినట్టు వెనక్కి పడుకుని, నోరు తెరిచి బుస కొడితే ‘ఇంక దగ్గరికి రావద్దు’ అని. కుచ్చు సగం వాలి, చివర మాత్రం కొంచెం పైకి తిరిగి ఉంటే కులాసాగా ఉన్నట్టు. ఒంటికాలి మీద నిలబడి ముక్కు రెండు భాగాలూ నూరుకుంటూ కరకరమని సన్నటి చప్పుడు చేస్తే నిద్రకి జారుతోంది. మీరుండగా ఆ చప్పుడు వినపడిందంటే అది మిమ్మల్ని నమ్మడం మొదలుపెట్టిందన్నమాట. రోజుకి ఒక జానెడు కుర్చీ దగ్గరికి జరపండి. కుచ్చు నిలబడితే నిన్నటి చోటికి వెళ్లిపోండి. పాపకి సుద్దముక్క ఇచ్చి ప్రతిరోజూ కుర్చీ కాళ్ల దగ్గర గీత గియ్యమనండి. ఏడుపు మానేసి గీతలు లెక్కపెట్టుకుంటుంది. పిల్లలకి ఓపిక లేదంటారు గానీ, లెక్క ఉంటే ఓపిక అదే వస్తుంది.

కుర్చీ పంజరం పక్కకి చేరాక కొర్ర కంకి తీసుకోండి. పక్షుల దుకాణాల్లో మిల్లెట్ స్ప్రే అని ఖరీదుగా అమ్మేది మన కొర్ర కంకే. అనంతపురం, కర్నూలు వైపు రైతులు తెలిసినవాళ్లుంటే ఒక కట్ట తెప్పించుకోండి, మందు కొట్టనిది. కాకటీల్‌కి కొర్రలంటే మన పిల్లలకి చాక్లెట్ లాంటివి. అందుకే గిన్నెలో కొర్రలు వెయ్యడం మానెయ్యాలి, అవి మీ చేతినుంచే రావాలి. మామూలు మేత మాత్రం ఎప్పటిలా గిన్నెలో ఉండాల్సిందే. ఆకలితో మాడ్చి లొంగదీయమని నేను చెప్పడం లేదు. మొదట మూరెడు కంకిని కొస పట్టుకుని కమ్మీల సందులోంచి అందించండి. తింటే మర్నాడు రెండు వేళ్లు లోపలికి పట్టుకోండి, ఆ మర్నాడు ఇంకో రెండు. చెయ్యి గాల్లో ఊగకూడదు, మోచెయ్యి దేనికైనా ఆనించుకోండి. మూడు నాలుగు నిమిషాలు, రోజుకి రెండుసార్లు. అది ఇంకా తింటూండగానే చాలించాలి. చాలామంది తప్పు ఇక్కడే చేస్తారు. ఇవాళ బాగుంది కదా అని ఇంకాస్త, ఇంకాస్త అని జరిపి, అది భయపడి ఎగిరాక ఆపుతారు. అప్పుడు దానికి గుర్తుండేది చివరి భయమే.

తలుపు తెరిచి తినిపించే రోజు వచ్చాక, కంకిని ఒక చేత పట్టుకుని, రెండో చేతి చూపుడు వేలు కొమ్మలాగా దానికీ కంకికీ మధ్య అడ్డంగా పెట్టి ఊరుకోండి. పొట్టకింద వేలు పెట్టి నెట్టి ఎక్కించమని అందరూ చెప్తారు. మచ్చికైన పిట్టకి అది సరే, బెదిరిన పిట్టకి నాకు నచ్చదు. కంకి అందాలంటే వేలు మీద కాలు పెట్టాలి, అంతే. పెట్టాలా వద్దా అన్నది అది తేల్చుకోవాలి. ముందు ముక్కుతో వేలిని పట్టి చూస్తుంది. కొరుకుతోందని చెయ్యి లాక్కోకండి! మనం మెట్టు గట్టిదా కాదా అని కాలితో నొక్కి చూసినట్టు అది ముక్కుతో చూస్తుంది. ఆ క్షణాన కొమ్మ కదిలితే ఆ కొమ్మని మళ్లీ నమ్మదు. వేలి మీద మొదటిసారి ఆ రెండు చిన్న పాదాలు, చల్లగా, కాస్త గరుగ్గా తగిలినప్పుడు నాకు ఒళ్లు ఝల్లుమంది. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో ఏ పశువూ తనంతట తాను నా దగ్గరికి రాలేదు.

అంతా బాగుందనుకున్నప్పుడు వెనక్కి పోతుంది, దానికీ సిద్ధంగా ఉండండి. అట్లతద్దికి మా ఆవిడ రెండు చేతులకీ గోరింటాకు పెట్టుకుంది. మర్నాడు పండు తన ప్రాణంలాంటి మనిషిని చూసి కెవ్వున అరిచి పారిపోయింది. ఎర్రటి వేళ్లు! రంగు వెలిసేదాకా మళ్లీ దూరం నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. అన్నాళ్లూ నేను దాని దగ్గర హీరోనని చెప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు. కొత్త నెయిల్ పాలిష్, గలగలలాడే గాజులు, నెత్తి మీద తడి తువ్వాలు, ఏదైనా కారణం కావచ్చు. దీపావళికి మాత్రం కిటికీలు మూసి, పంజరం మీద సగం దుప్పటి కప్పి, మీలో ఒకరు ఆ గదిలోనే ఉండండి.

బయటికి వదిలే రోజు ఫ్యాను కట్టెయ్యాలి, కిటికీలు వెయ్యాలి, అద్దం మీద గుడ్డ కప్పాలి. మరిచిపోకండి. దాని రెక్కల ఈకలు కత్తిరించి అమ్మారేమో కూడా చూడండి. ఎగరలేని పిట్ట కింద పడుతుందన్న భయంతో ఇంకా బెదురుతుంది. అవి ఊడి కొత్తవి రావడానికి నెలలు పడుతుంది, అందాకా పంజరం దగ్గర నేల మీద పాత బొంత పరవండి.

ఎన్నాళ్లు పడుతుందని మీరు అడగలేదు గానీ మీవారు అడుగుతారు. మా ఆవిడకి ఐదు వారాలు, నాకు ఐదు నెలలు. ఇద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే పిట్ట. పది రోజులు పట్టుకున్నారు కాబట్టి మీది ఈ రెంటి మధ్య ఎక్కడో ఉంటుంది.

ఒక్క జాగ్రత్త. భయం వేరు, జబ్బు వేరు. పగలు కూడా ఈకలు ఉబ్బించుకుని అడుగున కూర్చున్నా, ఊపిరి తీసినప్పుడల్లా తోక పైకీ కిందికీ ఊగుతున్నా అది బెదురు కాదు. పక్షులు జబ్బు దాచుకుంటాయి, మనకి తెలిసేసరికే ఆలస్యమై ఉంటుంది. అది వేలెక్కడం నేర్చాక వంటింటి కాటా మీద కర్ర పెట్టి, వారానికోసారి తూకం చూడండి. కాకటీల్ సాధారణంగా 80 నుంచి 100 గ్రాములుంటుంది. తన మామూలు తూకంలో పదోవంతు తగ్గితే ఆ రోజే చూపించండి.

ప్రశ్న: మా పెరట్లో మోడైన కొబ్బరిచెట్టు తొర్రలోంచి రామచిలుక పిల్ల పడింది. మూడు వారాలుగా పంజరంలో పెట్టి సాకుతున్నాను. జామకాయ తింటోంది గానీ మనిషి వస్తే మూలకి నక్కుతోంది. భయం పోగొట్టి మాటలు నేర్పడం ఎలా?
— ఒక పాఠకుడు, తణుకు

జవాబు: దాని భయం పోగొట్టకండి బాబూ. రేపు బయట దాన్ని బతికించేది ఆ భయమే. రామచిలుకని పట్టడం, కొనడం, పంజరంలో ఉంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. మీరు దయతోనే తెచ్చారు, కాదనను, కానీ చట్టానికి దయ సంగతి తెలియదు. దగ్గర్లోని అటవీ శాఖ ఆఫీసుకి ఫోన్ చేసి, ఎలా దొరికిందో, ఎన్నాళ్లుగా ఉందో ఉన్నదున్నట్టు చెప్పి అప్పగించండి. మీ అంతట మీరు ఎగరేయొద్దు. ఎగరడం, తిండి వెతుక్కోవడం రాని పిల్లని వదిలితే కాకుల పాలవుతుంది. అప్పగించేదాకా పంజరం మీద గుడ్డ కప్పి, మేత పెట్టి వెంటనే వచ్చెయ్యండి. మాటలు నేర్పొద్దు. ఇకముందు ఇలా పిల్ల పడితే, దెబ్బ తగలకపోతే, తిరిగి తొర్రలో పెట్టెయ్యడమే మంచిది. మన చెయ్యి తగిలిందని తల్లి వదిలేస్తుందన్నది వట్టి మాట. మాటలే కావాలంటే, చిలుకలు వాలే పెరడు ఉన్నవారు మీరు, సాయంత్రం కుర్చీ వేసుకుని వాటి మాటలు వినండి.

ప్రశ్న: డాలస్ నుంచి రాస్తున్నాను. ఇక్కడి పక్షుల సంరక్షణ కేంద్రం నుంచి గ్రీన్ చీక్ కోనూర్ అనే చిన్న చిలుకని, ఎనిమిదేళ్లదాన్ని, తెచ్చుకున్నాం. పగలంతా వేలెక్కుతుంది, భుజం మీద కూర్చుంటుంది. సాయంత్రం పంజరంలో పెడదామని వేలు చాస్తే మాత్రం రక్తం వచ్చేలా కొరుకుతోంది. మేం ఇంట్లో తెలుగే మాట్లాడతాం, దానికి ఇంగ్లీషు అలవాటు. అదేమైనా కారణమా?
— ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: భాష కాదమ్మా, వేళ. సాయంత్రం మీ వేలు ఎక్కితే ఆట ముగిసి తలుపు పడుతుందని అది కనిపెట్టేసింది. తెలివిగలది. రేపటి నుంచి రోజులో పదిసార్లు వేలెక్కించుకుని పంజరం దాకా తీసుకెళ్లండి, లోపల బాదం ముక్క తిననిచ్చి, తలుపు వెయ్యకుండా మళ్లీ బయటికి తెండి. పదకొండోసారి తలుపు వేసినా దానికి లెక్క తెలియదు. రాత్రి తిండిలో దానికి బాగా ఇష్టమైనది పంజరంలోనే పెట్టండి, బయట పెట్టకండి. కొరికే ముందు అది తప్పకుండా చెప్తుంది, మెడ ఈకలు బిగిస్తుంది, కంటి పాప చిన్నదీ పెద్దదీ అవుతుంది. అది చూశాక కూడా వేలు ముందుకి తోస్తే కరిచిన తప్పు దానిది కాదు. అప్పుడు వేలికి బదులు చిన్న కర్ర అందించండి.

దానితో తెలుగు మాట్లాడండి, ఎంతైనా మాట్లాడండి. వేలెక్కమని చెప్పే ‘స్టెప్ అప్’ అన్న ఒక్క మాట మాత్రం ఇంగ్లీషులోనే ఉండనివ్వండి. ఇల్లు మారింది, మనుషులు మారారు, దానికి పాతది ఏదో ఒకటి మిగలాలి.